బురదనీళ్లలో తెల్ల పళ్లెం

మా ఆడబిడ్డ పోయిందని దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కందిపప్పు ఏరుతున్నాను. చాట పక్కన పెట్టి, పొయ్యి ఆర్పి, ఆటో ఎక్కాను. స్నానం చేయించే ఆడవాళ్లు ఆమె ఎడమచెయ్యి పైకెత్తబోతే వద్దన్నాను. ఆ చెయ్యి భుజం దాటి లేవదు. ఒక తెడ్డు దెబ్బ తర్వాత ఇక లేవలేదు.

ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో నీటి రంగును చదవడం ఆమె ఉద్యోగం. నీటిలో పాచి పెరిగితే దానిలోని పత్రహరితం వెలుతురును మింగుతుంది. ఎంత మింగిందో చూసి పాచి ఎంతుందో చెబుతారు. నడిసముద్రంలో ఇది సులువే. నదులు మట్టి తెచ్చిపోసే తీరం దగ్గర మాత్రం బురద ఆ లెక్కను చెడగొడుతుంది. ఆమె బతుకంతా ఆ బురదతోనే గడిచింది. ఎరుపు దాటి కంటికి కనిపించని వెలుతురు మొదలయ్యే చోట చూస్తే బురద వెనక పాచి దొరుకుతుందని చెప్పేది.

ఉద్యోగం అయిపోయాక గద్వాలలో నా ఇంటికే వచ్చింది. చాయ్ ఇస్తే గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టేది.

"ఏంది వదినా ఇది? ఆషాఢంల కృష్ణ నీళ్లా?"

"తాగుతె తాగు, లేకుంటె పోసిరా," అనేదాన్ని. తాగేది.

ఊరికే కూర్చోలేక ఆనకట్ట వెనక నిలిచే కృష్ణ నీళ్ల మీద పడింది. ఉపగ్రహం మన మీదుగా పోయే వేళకే నీళ్లు పట్టాలి. అప్పుడే చిత్రం నిజమో కాదో తేలుతుంది. అందుకు పుట్టి, అంటే గుండ్రటి తోలుపడవ, నడిపే ఒక మనిషిని పెట్టుకుంది. అతను తాడుకు కట్టిన తెల్ల పళ్లేన్ని నీళ్లలోకి దించి, అది కనబడకుండా పోయేచోట తాడుకు ముడి వేసేవాడు. నీళ్లలో బురద ఎంతుందో ఆ ముడి చెబుతుంది. తర్వాత సీసాలు దించి నీళ్లు పట్టేవాడు.

ఆ ఎండాకాలం గాలి ఆగిపోయింది. ఒక మడుగులో పాచి ముదురుతోందని ఆమె చిత్రంలో చూసింది. నీళ్లు తెప్పించి సరిచూసుకున్నాకే అక్కడ చేపలు పట్టే ఒడ్డువాళ్లకు చెబుదామనుకుంది. ఆలోపే పాచి కుళ్లి నీటిలోని ప్రాణవాయువును తినేసింది. తెల్లారేసరికి మడుగు నిండా చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయి.

పుట్టి మనిషి భార్య ఏడుస్తూ ఫోన్ చేసింది. మేమిద్దరం వెళ్లేసరికి అతన్ని ట్రాక్టర్ ట్రాలీకి కట్టి కొడుతున్నారు. ఒక కన్ను అప్పటికే పోయింది. అక్కడ కన్ను లేదు, నెత్తురు ముద్ద ఉంది. మా ఆడబిడ్డ సీసాలన్నీ రాళ్ల మీద పగలగొట్టారు.

"వీడే మందు కలిపిండు," అన్నాడు తెడ్డు పట్టుకున్నవాడు. "సీసలు నీళ్లల్ల దించుతుంటె నా కండ్లతోని చూసిన."

"దించమన్నది నేను. కొడితె నన్ను గొట్టు," అని మా ఆడబిడ్డ అడ్డం వెళ్లింది.

కొట్టాడు. ఎడమభుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆమె పడి, చిట్లిన పెదవితో లేచింది.

"అది మందు కాదు, పాచి."

"నీళ్లు ఎర్రగున్నయ్. పాచి ఏడున్నది?"

"నేను ముట్ట. నువ్వే ముంచుకరా. జర స్పిరిట్ గూడ తెండ్రి, పాచి పచ్చరంగు అండ్ల దిగుతది."

తెడ్డువాడి తల్లే ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి పరుగెత్తి స్పిరిట్ తెచ్చింది. "ముంచుకరా పోరా," అని కొడుకు వీపున ఒకటి చరిచింది. "మనిషి సచ్చినంక ఇప్పితె ఏమొస్తది?"

నా తెల్ల చేతిరుమాలు నాతో నాలుగు మడతలు వేయించి, వాడు తెచ్చిన నీళ్లను మా ఆడబిడ్డ ఒంటిచేత్తో వడకట్టింది. రుమాలు మీద ఎర్రమట్టి తప్ప ఏమీ కనబడలేదు. గుంపులో ఎవడో నవ్వాడు. ఆ రుమాలును గ్లాసులో పెట్టి స్పిరిట్ పోసింది. తన పెదవి నెత్తురు అందులో పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, ఎండ తగలకుండా కొంగు కప్పింది.

"రంగు దిగేదాంక వాని మీద చెయ్యెయ్యద్దు," అంది.

ట్రాలీకి కట్టిన పుట్టి మనిషి మూలుగుతూనే ఉన్నాడు. కాసేపటికి కొంగు తీసింది. రుమాలు మీది మట్టి అక్కడే ఉంది. చుట్టూ స్పిరిట్ మాత్రం ఆకుపచ్చగా మారింది, నూరిన గోరింటాకును పిండినట్టు. కట్లు ఆ తల్లే విప్పింది. ఒక్కడూ తప్పయిందనలేదు.

మా ఆడబిడ్డ కేసు పెట్టింది. రాజీకి వచ్చినవాళ్లను గడప ఎక్కనివ్వలేదు. అదే సమయంలో, చిత్రంలో ఏ మడుగు అనుమానంగా కనబడినా, సరిచూడకుండానే ఆ ఒడ్డుకే ఫోన్ చేసేది. తప్పయితే నవ్వుతారు కదా అన్నాను.

"నవ్వనియ్ వదినా. ఆలిశమైతె కొడ్తరు."

అస్థికలు నీళ్లలో కలపడానికి ఆ పుట్టి మనిషే తన పుట్టి తెచ్చాడు. కలిపాక ఒడ్డుకు తిప్పుతాడనుకున్నాను. తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఆకాశం వైపు చూశాడు.

"జర ఆగుండ్రి అమ్మా. అది వచ్చె యాల్లయింది."

తెల్ల పళ్లెం తీసి నీళ్లలోకి దించాడు. ఉన్న ఒక్క కన్నూ నీటికి ఆనించినట్టు వంగాడు. పళ్లెం తెల్లగా ఉంది. కొంచెం దిగి పసుపు రంగు తేలింది, ఇంకా దిగి ఇటుక రంగులోకి మారింది. నేను కూడా వంగి చూశాను. అంచు ఒకటి మిగిలింది. తర్వాత అదీ లేదు. అతను ముడి వేయలేదు. తాడు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.