మిగిలిపోయిన కర్మ డబ్బాలు

కొత్తపేటలోని నాలుగు గదుల అద్దె ఇల్లు ఖాళీ చేసి, అమలాపురంలో రెండు గదుల వాటాలోకి మారడానికి వెంకటలక్ష్మికి ఇంకా నాలుగు రోజులే గడువుంది. ఏది పట్టుకెళ్లాలో, ఏది ఎవరికివ్వాలో దాదాపు తేలిపోయింది. అటక మీది గోనెసంచిలో ఉన్న ముప్పై రెండు స్టీలు డబ్బాల సంగతి మాత్రం తేలలేదు. ప్రతి మూత మీదా ఒకే వాక్యం చెక్కి ఉంది: కీ.శే. కనకమహాలక్ష్మి గారి జ్ఞాపకార్థం.

కనకమహాలక్ష్మి ఆమె తల్లి. పదకొండేళ్ల కిందట ఐ.పోలవరంలో తమ్ముడు బంగారరాజు ఇంట పెద్దకర్మ జరిగిననాడు, భోజనానికి వచ్చినవారికి పంచడానికి చేయించిన డబ్బాలవి. ఆ వేళ గోదావరి పొంగి రేవులో పడవలు ఆగిపోయాయి. లంకలోని ముప్పై రెండు గడపలవాళ్లు ఇవతలికి దాటలేకపోయారు. మిగిలిన డబ్బాలను "ఆడపిల్ల దగ్గరుంటే ఎలాగో పంచేస్తుంది" అంటూ తమ్ముడు ఆమె కారెక్కించాడు. పంచే దారే లేదు. కర్మ డబ్బాను విస్తరి ముందు నుంచి లేచినవారు తమ చేత్తో తీసుకెళ్లాలే తప్ప, పనిగట్టుకుని ఒకరి గుమ్మంలోకి మోసుకెళ్లి ఇవ్వడం వాళ్ల వైపు అశుభం.

"సంవత్సరంపాటు ముట్టుకోని వస్తువు ఇంట్లో ఉండక్కర్లేదండీ అత్తయ్యగారూ," అంది కోడలు యామిని. ఆ సూత్రం ఆమె ఫోనులో నేర్చుకున్నది.

"మీ మావయ్యగారు పని ముట్టుకుని ఎన్నేళ్లయిందో తెలుసా? ఆయన్నీ పంపేద్దామా?"

"ఆయన సంగతి తరవాత చూద్దాం. ముందు ఈ డబ్బాలు పాత స్టీలు కొట్లో ఇచ్చేసి రానాండీ?"

వద్దంది వెంకటలక్ష్మి. వస్తువులను వదిలించుకోవడం సులువనేవారు బహుశా పేరులేని వస్తువుల గురించే ఆలోచించి ఉంటారు. అమ్మ ఈ సంచిలో లేదని ఆమెకు తెలుసు. పదకొండేళ్లలో ఒక్కసారైనా దాని మూతి విప్పలేదు కూడా. మరి ఇవాళ విప్పుతుంటే, లోపల ఎవరో వింటున్నట్టు గొంతెందుకు తగ్గిందో ఆమెకు అంతుపట్టలేదు. ఇది ప్రేమా, భయమా, ఒట్టి అలవాటా?

తమ్ముడికి ఫోను చేసింది. లంకవాళ్లను పిలిచి మళ్లీ ఒకపూట భోజనం పెడితేనో?

"ఏటక్కా, పదకొండేళ్ల తరవాత పెద్దకర్మ భోజనమా? అమ్మ మళ్లీ పోయిందనుకుంటారు జనం!" అని నవ్వేశాడు.

అప్పుడు గుర్తుకొచ్చింది సుందరమ్మ. లంకలో బడిపంతులమ్మగా చేసిన మనిషి, అమ్మకు స్నేహితురాలు, క్రైస్తవురాలు. ఆవిడకు ఈ పట్టింపు ఉండకపోవచ్చు. ఆవిడ పుచ్చుకుంటే, ఆవిడ చర్చివాళ్లూ పుచ్చుకుంటారు. సంచి సగమైనా ఖాళీ అవుతుంది. పుచ్చుకోకపోతే ఇక పాత స్టీలు కొట్టే గతి.

మర్నాడు పొద్దున్నే ఒక్క డబ్బా చేతిసంచిలో పెట్టుకుని పడవెక్కింది.

ఇల్లు మారుతున్న సంగతంతా విని, సుందరమ్మ డబ్బాను అందుకుని పేరును వేలితో తడిమింది. "మాకా పట్టింపు లేదమ్మా. నాకు రావలసిందే గదా ఇది! ఆ రోజు రేవులో మధ్యాన్నం దాకా నించున్నాం. ఒక్కడూ పడవ తియ్యనన్నాడు." డబ్బాను చీరకొంగుతో తుడిచి బల్ల మీద పెట్టుకుంది.

ఒకటి చెల్లిందనుకుంది వెంకటలక్ష్మి. మిగతా ముప్పై ఒకటి గురించి ఎలా ఎత్తాలా అనుకునేలోపే, "కూర్చో, ఇప్పుడే వస్తా" అని ఆవిడ లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు రెండు చేతులతో పెద్ద స్టీలు బేసిను పట్టుకొచ్చింది. అంచు మీద ఆవిడ భర్త పేరు చెక్కి ఉంది: బెంజమిన్ మాస్టారి జ్ఞాపకార్థం.

"మా ఆయన జ్ఞాపకార్థ కూడికకి నువ్వు రాలేదుగా? మూడేళ్లుగా ఉంచేను నీ వాటా."

"అయ్యో, ఇప్పుడెందుకండీ పిన్నిగారూ..."

"ఇంకా ఇరవై దాకా ఉన్నాయమ్మా. నేనూ ఇల్లు తేలిక చేసుకుంటున్నాను. ఎవరికివ్వాలో తెలీటం లేదు. మీ అమలాపురంలో ఎవరైనా పుచ్చుకుంటారంటావా?"

వెంకటలక్ష్మి బేసిను అంచు మీది పేరు మళ్లీ చదివింది. తన తల్లి పేరు ఆ బల్ల మీద ఉండగా, ఈ పేరును కాదనడం ఏ న్యాయం? తీసుకుంటే మాత్రం, తను చేసిన పనికి అర్థమేమిటి? బేసినును ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చుంది. వచ్చినప్పటి కన్నా భారంగా ఉందో, తేలిగ్గా ఉందో తేల్చుకోలేకపోయింది. చచ్చినవాళ్లను బతికున్నవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకుంటూ ఉంటే ఎవరి ఇల్లు ఎప్పటికి ఖాళీ అవుతుంది? ఖాళీ కావాలని నిజంగా ఎవరికుంది?

రేవు చేరుతుండగా యామిని ఫోను చేసింది. "ఇచ్చేసేరా అత్తయ్యగారూ? తీసుకున్నారా ఆవిడ?"

"ఆయ్, తీసుకున్నారమ్మా," అంది వెంకటలక్ష్మి. ఒళ్లోని బేసినును సర్దుకుని అడిగింది: "ఆ కొత్త వంటింట్లో పై అలమార లోతెంతుందో ఓసారి కొలిచి చెప్తావా?"