పాణం నిమ్మలమైన జాగ

కోటగిరిలో నర్సన్న పేరు చెబితే చెరకు లారీలు నింపినవాడంటారు, ఆ వెంటనే కల్లు కాంపౌండ్ పేరు కూడా ఎత్తుతారు. రెండూ నిజమే. పొద్దంతా చెరకు మోపులు మోసి, సాయంత్రం సీసా ఎత్తకుండా ఇంటికొచ్చిన రోజు ఆయనకు లేదు. అందులో కల్లెంతో, కలిపిన మత్తుమందెంతో అడిగిన పాపాన పోలేదు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి పని పోయింది గానీ సీసా పోలేదు.

ఒక ఉదయం, కాంపౌండ్ ఇంకా తెరవని వేళ, వణికే చేతిలోని చాయ్ ఒలికి మనవరాలు సంజన కాలి మీద పడింది. పసిదాని బొబ్బ నాలుగు నాళ్లలో తగ్గిపోయింది. కూతురు సుష్మ మాత్రం తాగుడు మానేదాకా పిల్లను ముట్టుకోవద్దని తేల్చి చెప్పింది. కోపంతో అనలేదు, భయంతో అంది.

నర్సన్న మానేశాడు. దవాఖానలో పడుకోబెట్టి, గోళీలిచ్చి పంపారు. ఇంటికొచ్చాక నిద్ర లేదు. ఒళ్లంతా చీమలు పాకుతున్నాయని గీక్కునేవాడు, గోడతో మాట్లాడేవాడు. పిల్ల ఊయల దిక్కు చూసి ఏడ్చేవాడు. ఏం చెయ్యాలో తోచక భార్య లింగవ్వ ఆయన్ను ధ్యానం నేర్పే భానుప్రసాద్ సారు దగ్గర కూర్చోబెట్టింది. రిటైరైన పంతులు, నిజామాబాద్ నుంచి వారం వారం వస్తాడు.

సారు మంచివాడే. ఎన్నడో మునులు అడవుల్లో, తర్వాత బుద్ధుడు, ఇలాగే కూర్చుని తమ ఊపిరిని తామే చూసుకున్నారని చెప్పాడు. ఏదో దొరుకుతుందని చేసేది ధ్యానం కాదట. మనసు ఎటు ఉరుకుతుందో కనిపెట్టి, కసురుకోకుండా వెనక్కి తెచ్చుకోవడమే ధ్యానమట. మునుల అడవిలో కల్లు కాంపౌండ్ లేదు కదా అని నర్సన్న లోలోపల గొణుక్కున్నాడు. అప్పుడు సారు అక్కడ కూర్చున్న అందరినీ కళ్లు మూసుకోమని, ఎక్కడ మనసు నెమ్మదిగా ఉంటుందో అక్కడికెళ్లి కూర్చోమన్నాడు.

నర్సన్న నేరుగా కాంపౌండ్‌కే వెళ్లాడు. రేకుల నీడ, తడి నేల, ఉడికిన శనగలమ్మే ముసలవ్వ. నోట్లో నీళ్లూరాయి. బెదిరిపోయి ఇంకో చోటు వెతికాడు. చెరకు తోటలోకి వెళ్తే గట్టు మీద సీసా. తన పెళ్లి పందిట్లోకి వెళ్తే అక్కడా సీసాయే. సుష్మ పుట్టిననాడు బిడ్డ మొహం చూడకముందే తాగాడు. బతుకంతా కలియదిరిగినా తాగకుండా నెమ్మదిగా కూర్చున్న చోటు ఒక్కటీ కనిపించలేదు. లేచి బయటికి నడిచాడు.

ఎక్కడికెళ్లాడో లింగవ్వ ఎవర్నీ అడగలేదు, నేరుగా కాంపౌండ్ దారి పట్టింది. మూసి ఉన్న గేటు ముందు, మట్టిలో, సారు చెప్పినట్టే కాళ్లు మడిచి సక్కలముక్కలు వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు మొగుడు.

"తాగినవా?"

"లేదు. సారు చెప్పిన జాగకు వచ్చిన. నా పాణం నిమ్మలమైన జాగ గిదొక్కటే, లింగవ్వా. ఇంకోటి దొర్కుతలేదు."

ఎన్నో తిట్లు తిన్న మనిషి ఆమె, దెబ్బలు కూడా తిన్నది. ఏదీ ఇంతగా నొప్పించలేదు.

"మన ఇంట్ల గూడ లేదా?"

అబద్ధం చెప్పే బలం కూడా నర్సన్న ఒంట్లో లేదు.

"ఇంట్లకు తాగకుంట ఎన్నడొచ్చిన?"

ఆమె ఏడవలేదు. పక్కనే మట్టిలో కూలబడింది. అంతలో గేటు తాళం తీశారు. లోపల సీసాలు కదిలిన చప్పుడు, వెనకే పులిసిన కల్లు వాసన. నర్సన్న గేటు దిక్కు తిరిగాడు. లింగవ్వ ఆయన రెండు చేతుల్నీ తన ఒళ్లోకి లాక్కుంది.

"శ్వాస సూడుమన్నడు గదా సారు. సూడు."

చూశాడు. లోపలికి వెళ్లే ప్రతి ఊపిరిలోనూ కల్లే ఉంది. ఇక చూడలేక ఊపిరి బిగబట్టాడు. తువ్వాల ముక్కుకు అదుముకుని, ఆమె భుజం పట్టుకుని లేచాడు. ఇద్దరూ ఇంటి దిక్కు నడిచారు. మలుపు చేరేసరికి రొమ్ము పగిలేలా ఉంది. నోరు తెరిచి గాలి పీల్చాడు. అక్కడిదాకా వాసన వస్తూనే ఉంది.

"ఇంక జర దూరం," అంది లింగవ్వ, చెయ్యి వదలకుండా.