మూసిన పొది పక్కన

కోరుట్లలో ఒక కాలేజీ పిల్లలు, అన్యాయానికి ఎదురు నిలిచినవాళ్ల మీద ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, మా నాయన కత్తి, కత్తెర పెట్టుకునే మంగలి పొది నేనే తీసుకెళ్లి ఇచ్చాను. నేను బడికి పోయినవాణ్ణి కాదు. మా సెలూన్‌లో పడి ఉండే పేపర్లే నాకు చదువు చెప్పాయి. మర్నాడు వెళ్లి, పొది పక్కన వాళ్లు అంటించిన చీటీ చదివేసరికి ఒళ్లు మండింది. ‘ఈ కత్తితో దొరను ఎదిరించాడు’ అని రాశారు.

"కత్తి తీసుడు కాదు, తియ్యకపోవుడే ఎదిరించుడు!" అని కేకలేశాను.

ఊరంతా వెట్టి మానేసిన రోజుల్లో దొర గడీ నుంచి ఎన్నిసార్లు పిలుపొచ్చినా మా నాయన ఈ పొది విప్పలేదు. మాసిన గడ్డంతోనే దొర జగిత్యాల దాకా పోయి గీయించుకున్నాడు. అందుకే పొదిని మూసి పెట్టమన్నాను. సిరిసిల్ల నేతకార్మికుల సమ్మెలో ఆగిన మగ్గం నాడె, అంటే నూలు కండె తిరిగే పనిముట్టు పక్కన, దాన్ని అలాగే పెట్టారు.

చీటీ తిరగరాస్తున్న అమ్మాయి తలెత్తింది. "తాతా, మీ నాయిన మా వాడోళ్లకు గడ్డం గీసెటోడా?"

"ఏ ఊరు బిడ్డా మీది?"

"మీ ఊరే. దళితవాడ."

గీసేవాడు కాదు. మా మంగళ్లలో ఎవరూ ఆ వాడకు పోయేవారు కాదు.

"మరి మా తాతలకు ఎవలు గీసిండ్రు?"

"నాకేం తెల్సు? నీకు తెల్వదా?" అని విసుక్కున్నాను.

"తెల్వకనే అడుగుతున్న."

పుట్టి పెరిగిన ఊరు. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టనే లేదు.

"గదంత రాస్తే మీ నాయిన గొప్పతనం తగ్గుతది తాతా," అన్నాడు పక్కనున్న కుర్రాడు.

"తగ్గితే తగ్గనియ్యి. దొరకు మానేసిండు, వాడకు పోనేలేదు. రెండూ రాయి."

ప్రదర్శన మొదలైన రోజు ఆ అమ్మాయి వాళ్ల తాతను వెంటబెట్టుకొచ్చింది. నా ఈడువాడే. చీటీ చదివించుకుని, జేబులోంచి ఒక వెదురుపుల్ల తీశాడు. చీల్చిన దాని కొసలో తుప్పు పట్టిన సగం బ్లేడు, దారంతో కట్టి ఉంది.

"మా చిన్నాయిన చేసిండు. వాడంత గిదే కత్తి. తెగితే తెగినోన్ని చూసి నవ్వెటోళ్లం."

అమ్మాయి దాన్ని పొది పక్కన పెట్టబోతుంటే నేను అడ్డుపడ్డాను. పిడి ఇంత సన్నగా ఉంటే చెయ్యి ఎలా నిలుస్తుంది?

"ఆగు బిడ్డా," అని ఆయన వైపు తిరిగాను. "ఎట్ల పట్టెటోళ్లు దీన్ని?"

"మంగలోనివి, నీకు నేను చెప్పాల్నా?" అని నవ్వి, ఆయన పుల్ల చేతిలోకి తీసుకున్నాడు. "గదువ పైకెత్తు."

గడ్డం పైకెత్తాను.