పదకొండు మంది మరియమ్మలు

ఉపదేశి తాత పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నందిగామ బస్టాండులో ఉన్నాను. ఆ శనివారం ఆయన దగ్గరికే బయల్దేరాను. జగ్గయ్యపేట బస్సు వచ్చి ఆగింది, వెళ్లిపోయింది. ఎక్కలేకపోయాను. నా సంచిలో ఆయనతో దిద్దించుకోవాల్సిన నోటుబుక్కు ఉంది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా విచారణలో, అంటే మా చర్చి కిందున్న ఊళ్లలో, ఫాదర్ గారు రాలేని రోజుల్లో ప్రార్థన నడిపించి, పిల్లలకు జపాలు నేర్పిన మనిషి. మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేనే. నాన్న నన్ను మిరప కోతకు తీసుకెళ్తుంటే తాత దారికి అడ్డం నిలబడి, "దాన్ని బడికి పంపరా. నాకు పేర్లు రాసే మనిషి కావాలి," అన్నారట.

ఏ పేర్లో తర్వాత తెలిసింది. మా సమాధుల దొడ్డిలో రాళ్లున్నవి తక్కువ, మిగతావన్నీ మట్టి దిబ్బలే. సమాధుల పండుగనాడు తాత తూర్పు వరుస నుంచి మొదలుపెట్టి, ఒక్కో దిబ్బ దగ్గరా ఆగి పిలిచేవారు. "మున్నేట్లో మునిగిపోయిన మరియమ్మ. నిండు నెలలతో గుడి గోడకు మట్టి మోసిన మరియమ్మ. నవ్వుల మరియమ్మ." పిలిచి, బదులు వింటున్నట్టు కాసేపు ఊరుకునేవారు. అప్పుడు పిల్లలం మేమూ చెవులు రిక్కించేవాళ్లం.

"నీకు బతికున్నోళ్లకంటే వాళ్లతోనే మాటలెక్కువ," అని నాయనమ్మ దెప్పితే, "వాళ్లు ఎదురు చెప్పరుగా వదినా!" అనేవారు.

తాటాకు గుడి ఎవరి దొడ్లో లేచిందో, మట్టి గుడికి నీళ్లెవరు మోశారో ఆ పిలుపుల్లోనే విన్నాం. ఇంకెక్కడా రాసి లేదు.

నిరుడు ఆయన కాళ్లు పడిపోయాయి. దిబ్బలకు పేరు పలకలు పెట్టిద్దామని, "తాతకు గుర్తున్నదంతా రాయమ్మా," అని ఫాదర్ గారు నాకు చెప్పారు. మంచం పక్కన కూర్చుని, ఆయన వరుసగా చెబుతుంటే చిత్తు కాగితాల మీద రాశాను. ఇంటికొచ్చి సాపు చేశాను. పేర్ల ముందు ఆయన చేర్చే ఆ మాటలు పలకల మీద మర్యాదగా ఉండవనిపించింది. జ్ఞానస్నానం పేర్లు మాత్రం ఉంచి, చదువుకున్నదాన్ని కదా, అకారాది క్రమంలో పెట్టాను. చిత్తు కాగితాలతో అమ్మ పొయ్యి ముట్టించింది.

సాపు ప్రతి చదివి వినిపించాను. 'మ' దగ్గర పదకొండుసార్లు మరియమ్మ అన్నాను. తాత కళ్లు మూసుకుని విన్నారు.

"బళ్లో హాజరు పిలిచినట్టుందే," అని నవ్వారు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "వీళ్లెవరే? నాకు తెలిసినోళ్లు ఒక్కరూ లేరు ఇందులో."

"ఆదివారం వచ్చి మళ్లీ రాస్తా తాతా."

"రా. నేనూ మర్చిపోతున్నా. తొందరగా రా."

నేను పాఠాలు చెప్పే బళ్లో పరీక్షలు. మూడు ఆదివారాలు వెళ్లలేదు.

ఆయన పోయాక ఊళ్లో పెద్దవాళ్లను అడిగాను. నవ్వుల మరియమ్మ ఎక్కడంటే తలా ఒక దిబ్బ చూపించారు.

ఈసారి పండుగకు పేర్లు నేనే చదివాను. ఏ దిబ్బ దగ్గర ఆగాలో తెలియక గేటు దగ్గరే నిలబడ్డాను. నాలుగోసారి మరియమ్మ అనగానే నాయనమ్మ అడిగింది:

"ఏ మరియమ్మే?"

నోటుబుక్కులోకి చూశాను, మరియమ్మ అని మాత్రమే ఉంది. అందరూ ఊరుకున్నారు, తాత ఊరుకున్నట్టే.

అందరూ కొవ్వొత్తులు పెట్టి వెళ్లాక తాత దిబ్బ దగ్గరికి వెళ్లాను. చెక్క సిలువ మీద జ్ఞానస్నానం పేరొక్కటే ఉంది. సుద్దముక్క తీసి దాని పైన రాశాను: అందరినీ పిలిచిన ఉపదేశి.

రోడ్డు మీద ముక్త్యాల సిమెంటు లారీ ఒకటి పోయింది. ఆ గాలికి దొడ్డిలోని మంటలన్నీ ఒక్కసారిగా ఆయన వైపు వాలాయి. లారీ చప్పుడు ఆగిపోయాక కూడా చాలాసేపు అలాగే ఉన్నాయి.