బాపట్ల ఇసుక మీద డిక్లరేషన్

మొన్న టీవీలో టెస్టు మ్యాచ్ మొదలవుతుంటే, టాస్ గెలిచిన కెప్టెన్ ముందు ఆకాశం వైపు చూశాడు, తర్వాత పిచ్ వైపు చూశాడు, ఆ తర్వాతే నోరు విప్పి ఫీల్డింగ్ తీసుకుంటానన్నాడు. ఇక కోట్లు తొడుక్కున్న వ్యాఖ్యాతలిద్దరూ మబ్బుల బొమ్మలు ముందేసుకుని, వాన ఎప్పుడొస్తుందో, ఎంతసేపు కురుస్తుందో చెబుతూ, అతను చేసింది ఒప్పా తప్పా అని చాలాసేపు తగువులాడుకున్నారు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటున్నాను. పక్క కుర్చీలో మా ఆయన కళ్ళు తెరవకుండానే, "మబ్బుని నమ్ముకున్నాడు, పాపం" అన్నారు. ఆ పాపం వెనక ఎంత అనుభవం ఉందో నాకు తెలుసు. చిక్కుడుకాయల పని ఆ పూట సగంలోనే ఆగిపోయింది.

అరవైల చివరి మాట. మా ఆయన తెనాలి జట్టుకు కెప్టెన్. నా పుట్టిల్లు బాపట్ల. అక్కడి జట్టుకు కెప్టెన్ మా అన్నయ్య. సంబంధం కుదిర్చినవాళ్ళు ఈ సంగతి ఇరువైపులా పెద్దవాళ్ళకు ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు, చెబితే కుదిరేది కాదని భయపడి ఉంటారు. ఏటా ఎండాకాలం చివర, కాలవలు కట్టేసి పొలాల్లో పని లేని రోజుల్లో, రెండు ఊళ్ళకూ మూడు రోజుల మ్యాచ్ జరిగేది. జట్టుకు రెండేసి ఇన్నింగ్సులు. దాన్ని అందరూ టెస్టు అనే పిలిచేవారు. అయిదు రోజులు ఎందుకు పెట్టుకోకూడదని మా ఆయన ఒకసారి అడిగితే, అయిదు రోజులు ఎవరు వండి పెడతారని మా అత్తగారు అడిగారట. ఒక ఏడు తెనాలిలో, ఒక ఏడు బాపట్లలో. అంపైరు మాత్రం ఎప్పుడూ రేపల్లె నుంచే రావాలి. తెనాలివాళ్ళు బాపట్ల అంపైరును, బాపట్లవాళ్ళు తెనాలి అంపైరును నమ్మకపోవడమే దానికి కారణం. ఆ వచ్చే ఆయన మిషన్ బడిలో లెక్కల మాస్టారు, గొడుగు లేకుండా అడుగు బయటపెట్టని మనిషి. ఆదివారం గుడికి వెళ్ళి తీరాలి కాబట్టి మ్యాచ్ గురువారం మొదలై శనివారానికి ముగియాలన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు. మ్యాచ్ తెనాలిలో అయితే నేను కోడల్ని, వంటింట్లోనే మూడు రోజులూ గడిచిపోయేవి. బాపట్లలో అయితే ఆడపడుచుని, గ్రౌండు పక్కనే ఉన్న బడి వరండాలో బెంచీ మీద కూర్చుని ముంజలు తింటూ ఆట చూసేదాన్ని. నాకు ఆట మీద ఇష్టం ఎలా కలిగిందని ఎవరైనా అడిగితే ముంజల వల్లనే అని చెబుతాను.

మా ఆయనకు ఆట బాగా తెలుసు. రేడియోలో టెస్టు కామెంటరీ వస్తోందంటే భోజనం కంచం రేడియో దగ్గరికే వెళ్ళేది. ఆ ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, మిగతా సగం ఆయనే నింపుకునేవారు. ఎక్కడో ఒక కెప్టెన్ మబ్బు చూసి, వికెట్లుండగానే ఇక చాలని ఇన్నింగ్స్ డిక్లేర్ చేశాడనీ, ఆ రాత్రి వానకు పిచ్ పాడై అవతలివాళ్ళు కుప్పకూలారనీ ఒకసారి విన్నారు. అప్పట్లో పిచ్‌ల మీద ఇప్పటిలా కప్పే పట్టాలేమీ ఉండేవి కావు, పడిన వాన పడినట్టే నేలలోకి దిగేది. అది విన్న రోజు నుంచి ఆయనకు డిక్లేర్ చేయడమంటే పిచ్చి పట్టింది. ఆకాశంలో చారెడు నలుపు కనబడితే చాలు, ఆడుతున్నవాళ్ళను వెనక్కి పిలిచేసేవారు. వాన ఒక్కోసారి వచ్చేది, ఎక్కువసార్లు వచ్చేది కాదు. అవతలివాళ్ళు ఎండలో హాయిగా ఆడి గెలిచేవారు.

నవ్వుతున్నాను గానీ, ఆ తొందర వెనక సంగతి నవ్వేది కాదు. ఆయన కాలేజీలో చదువుతున్న రోజుల్లో, సంగం జాగర్లమూడి పక్కన ఉన్న పొలంలో కోసిన వరి పనల మీద ఉండగా, ఇంకొక్క రోజు ఆరనిద్దామని మామగారు ఆగారు. ఆ సాయంత్రమే ముసురు పట్టింది. వారం తర్వాత వాన వెలిసి వెళ్ళి చూస్తే కంకుల మీదే మొలకలు. మరుసటి ఏడు మామగారు పోయారు. ఆయన చదువు మానేసి పొలానికి వచ్చారు. అప్పటి నుంచి మబ్బంటే అన్నీ గబగబా సర్దేయాలన్నది ఆయన ఒంట్లో ఉండిపోయింది. పొలంలో అది పనికొచ్చింది. ఆటలో రాలేదు. కానీ చదువు పోయాక ఆయనకంటూ మిగిలింది ఆ కెప్టెన్సీ ఒక్కటే. తండ్రి ఇచ్చింది కాదు, పొలంతో వచ్చింది కాదు, తాను ఆడి సంపాదించుకున్నది. అది పోతే మనిషి ఏమైపోతాడో అని నాకు బెంగగా ఉండేది.

పోయే రోజు దగ్గరపడింది కూడా. క్లబ్బు ప్రెసిడెంటు ఒక ప్లీడరుగారు. ఆ ఏడు బాపట్ల బండి ఎక్కే ముందు తెనాలి ప్లాట్‌ఫారం మీద, నేను వింటుండగానే, "ఏవయ్యా కెప్టెనూ, వరసగా ఓడతన్నాం. ఈసారి కూడా మబ్బు చూసి మూటాముల్లె సర్దావంటే వచ్చే ఏడు కెప్టెన్ని మార్చేస్తాను, తర్వాత నన్ననుకోవద్దు" అన్నారు. మా ఆయన తలూపి కిటికీ పక్కన కూర్చున్నారు. బండి బాపట్ల చేరేదాకా ఆకాశం వైపు చూడకుండా ఉండటానికి ఆయన పడ్డ అవస్థ నేను చూశాను.

మొదటి రోజు ఆట నాకు అంతగా గుర్తులేదు. రెండో రోజు మధ్యాహ్నానికి మావాళ్ళు రెండో ఇన్నింగ్స్ ఆడుతున్నారు. మావాళ్ళంటే తెనాలివాళ్ళు, పుట్టింటి బెంచీ మీద కూర్చుని కూడా నేను ఆ మాటే అనేదాన్ని. అప్పటికే బాపట్లవాళ్ళ మీద నూట ఎనభై చిల్లర పరుగులు పైన ఉన్నారు, చేతిలో వికెట్లూ ఉన్నాయి. ఇంకో గంట ఆడితే ఓటమి మాటే ఉండదు. అప్పుడు నైరుతి మూల ఒక మబ్బు లేచింది. నేను దాన్ని చూడలేదు, మా ఆయన్ని చూశాను. ఆయన కుర్చీలోంచి లేచారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు. తర్వాత రెండు చేతులూ ఊపి ఆడుతున్నవాళ్ళను రమ్మన్నారు. ప్లీడరుగారు తువ్వాలుతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టి చాలాసేపు ఆ తువ్వాలు తీయలేదు. పక్కనున్న మా వదిన, అంటే అన్నయ్య భార్య, "అమ్మాయ్, మీ ఆయనకి ఇంటికాడ పనేమన్నా ఉందంటావా?" అంది.

కానీ ఈసారి వాన నిజంగానే వచ్చింది. బాపట్లవాళ్ళు బ్యాటు పట్టకముందే చీకటి కమ్మిందని అంపైరు ఆ రోజుకి ఆట ఆపేశారు. మేం ఇల్లు చేరి కాళ్ళు కడుక్కునేలోపు ఉరుములతో దంచి కొట్టింది. మా పుట్టింటి వరండాలో కుర్చీ వేసుకుని మా ఆయన ఆ చప్పుడును కచేరీ విన్నట్టు విన్నారు. పెళ్ళయ్యాక అంత సంతోషంగా ఆయన్ని నేను చూడలేదు. అన్నయ్య వచ్చి పక్కన కూర్చుంటే, "రేపు పొద్దున మీవాళ్ళు గంటసేపు నిలబడితే గొప్పే బావా" అన్నారు. అన్నయ్య చాలా మర్యాదగా, "చూద్దాంలే బావా, పకోడీ చల్లారిపోద్ది, తిను" అన్నాడు. ఆ మర్యాద చూసి నాకు అనుమానం వచ్చింది. అన్నయ్య అంత నెమ్మదిగా మాట్లాడాడంటే ఏదో ఉంది. పెరట్లోకి చూశాను. చూరు నుంచి ధార కడుతున్న నీరు నేల మీద పడటం, మాయం కావడం, అంతే. ఎక్కడా మడుగు లేదు. అప్పుడు నాకు వెలిగింది.

తెనాలి వైపు నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే కాలు ఒకచోట, చెప్పు ఒకచోట. ఒక్క వానకు గ్రౌండంతా బంకమట్టి, దాని మీద పిచ్ కోసం ఎలాంటి కొబ్బరిపీచు మ్యాట్ పరిచినా బంతి పిచ్చిపట్టినట్టు లేస్తుంది, పడుతుంది. మా ఆయన వేసుకున్న లెక్కంతా ఆ నేలది. బాపట్ల ఇసుక నేల అలా కాదు, ఎంత వాన పడినా తాగేసి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. పైగా తడిసిన ఇసుక బిగుసుకుని, పొడి ఇసుక కన్నా గట్టిపడుతుంది. నాలుగేళ్ళుగా బాపట్ల అల్లుడై ఉండి ఆ సంగతి ఆయనకు తెలియలేదంటే, వచ్చినప్పుడల్లా అల్లుడిని వానలో బయటికి పోనివ్వని మా అమ్మదే ఆ పుణ్యం.

ఆయన్ని లోపలికి పిలిచి చెప్పాను. "ఏవండీ, మాది ఇసక నేలండి. రేపు పొద్దునకి ఆరిపోద్ది."

ఆయన నా వైపు, పెరటి వైపు మార్చి మార్చి చూశారు. "ఈ మాట మధ్యాన్నం చెప్పొచ్చు కదా" అన్నారు.

"మధ్యాన్నం మీరు అడగలేదు కదండీ" అన్నాను. ఆ పూట ఆయన పెరుగన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకు జాలేసింది. చెప్పకుండా ఉంటే ఆ ఒక్క రాత్రయినా సుఖంగా నిద్రపోయేవారు కదా అనిపించింది.

పొద్దున రేపల్లె మాస్టారు గ్రౌండు మధ్యకు వెళ్ళి మడమతో నేలను నొక్కి చూశారు. గుర్తు కూడా పడలేదు. "ఆడుకోవచ్చు" అని గొడుగు మడిచారు. మ్యాట్ పరిచి మేకులు కొట్టారు. బాపట్లవాళ్ళు వచ్చీరావడంతోనే బాదడం మొదలుపెట్టారు. తెల్లటి ఎండ, గట్టి నేల, బంతి బుద్ధిగా బ్యాటు మీదికి వస్తోంది. అర్ధగంటలో ప్లీడరుగారు మళ్ళీ తువ్వాలు తీశారు. నేను ముంజ చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయాను. మా ఆయన మాత్రం మిడాఫ్‌లో నిలబడి బ్యాట్స్‌మెన్ మొహాల వైపే చూస్తున్నారు. నాకు ఆశ్చర్యంగా ఉంది. అంత మంచి పిచ్ మీద, రోజంతా చేతిలో పెట్టుకుని, బాపట్లవాళ్ళు మరీ అంత ఊపు ఎందుకు ఊపుతున్నట్టు? మా వదినే చెప్పింది. "గాలి తిరిగేలోపు కొట్టెయ్యమన్నాడు మీ అన్నయ్య. మధ్యాన్నం సముద్రం గాలి మొదలైతే బంతి వంకర్లు పోద్దంట. అన్నాలేళకి అయిపోవాలని చెప్పి పంపాడు."

సముద్రపు గాలి మాట నిజమే. ఎండాకాలం బాపట్లలో భోజనాల వేళ దాటగానే అది వస్తుంది, దండెం మీద బట్టలన్నీ పడమటికి లేస్తాయి. మా అన్నయ్య ఆ గాలికే భయపడ్డాడు. భయపడ్డ కెప్టెన్ చెప్పిన మాట విని వచ్చినవాడల్లా బంతిని ఆకాశంలోకి లేపుతున్నాడు. అప్పుడు మా ఆయన ఒక పని చేశారు. దగ్గరగా ఉన్న ఫీల్డర్లందరినీ దూరంగా, బౌండరీ గీత దాకా పంపేశారు. వేగంగా వేసే బ్యాంకు గుమాస్తా చేతిలోంచి బంతి తీసుకుని, నిదానంగా, గాల్లో తేలేలా వేసే పోస్టాఫీసు క్లర్కుకి ఇచ్చారు. వికెట్లు కావాల్సిన చోట ఇదేం పిరికితనమని ప్లీడరుగారు మనిషితో కబురంపారు, అందరినీ దగ్గరికి పిలవమని. మా ఆయన ఆ మనిషి చెప్పింది విని, "కాసేపు ఆగుదామని చెప్పండి" అన్నారు. ఆగుదాం అన్న మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

తర్వాత జరిగిందంతా ఒకే తీరు. బంతి నింపాదిగా తేలుతూ వెళ్ళేది, బ్యాటు తొందరగా లేచేది, గీత దగ్గర ఎవరో ఒకరు చేతులు చాచి నిలబడి ఉండేవారు. మధ్యలో నాలుగు పరుగులూ పోయేవి, ఆయన చప్పట్లు కొట్టి మరీ పోనిచ్చేవారు. భోజనాల వేళ దాటేసరికి మా అన్నయ్య, ఇంకొకతను మిగిలారు. పదో పదకొండో పరుగులు కావాలి. అన్నయ్య ఒకసారి తూర్పు వైపు చూశాడు. నేనూ చూశాను. బడి పక్క ఇంటి దండెం మీద చీర అంచైనా కదలకుండా వేలాడుతోంది. ఎప్పుడూ వచ్చే గాలి ఆ రోజు రాలేదు. వానకు నేల చల్లబడిందనో మరేమిటో. అయినా అన్నయ్య అది వచ్చేస్తోందన్నట్టే ముందుకొచ్చి లేపి కొట్టాడు. బంతి గీత దగ్గర నిలబడ్డ బ్యాంకు గుమాస్తా చేతుల్లో పడింది. మా వదిన, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేక ఇద్దరం ముంజల బుట్టలోకి చూశాం. నేను మాత్రం లోపల ఏడ్చినంత పని చేశాను, సంతోషంతో.

స్టేషన్లో ప్లీడరుగారు మా ఆయన భుజం తట్టి, "వాన చూసి భలే డిక్లేర్ చేశావయ్యా, నేను అప్పుడే అనుకున్నా" అన్నారు. ఊరుకుంటే సరిపోయేది. మా ఆయన ఊరుకోలేదు. "లేదండి. నేను తప్పు చేశానండి. ఇసక నేలని తెలీక చేశాను. మా బావ తొందరపడ్డాడు కాబట్టి బతికాం" అన్నారు. వచ్చిన కెప్టెన్సీని చేతులారా పారబోసుకుంటున్నాడు ఈయన అనుకున్నాను. ప్లీడరుగారు ఆయన వైపు తిరిగి, "ఆయన తొందర నీకెట్టా కనబడిందయ్యా?" అన్నారు.

"నా తొందరేనండి అది. చూడగానే గుర్తుపట్టాను" అన్నారు మా ఆయన.

ప్లీడరుగారు నవ్వలేదు. "అయితే వచ్చే ఏడు కూడా నువ్వే చెయ్యి" అని చెప్పి రైలు పెట్టె ఎక్కారు. డెబ్భైలు సగం గడిచేదాకా మా ఆయనే కెప్టెన్. గెలిచిన ఏళ్ళూ ఉన్నాయి, ఓడిన ఏళ్ళూ ఉన్నాయి. పొలంలో మబ్బు పడితే ఇప్పటికీ అందరికన్నా ముందు వరి కుప్ప వేయించేది ఆయనే, అక్కడ మాత్రం మారలేదు. కానీ మా పెద్దమ్మాయికి మూడేళ్ళు వచ్చినా మాటలు రాకపోతే ఊరంతా కంగారు పెట్టినప్పుడు, చిన్నది డాక్టరు సీటుకు రెండుసార్లు తప్పి మూడోసారి రాస్తానన్నప్పుడు, కాసేపు ఆగుదాం అన్నది ఆయనే. పెద్దది ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది, చిన్నది రేపల్లెలో కాన్పులు చేస్తోంది. వాన వచ్చేలోపు అన్నీ సర్దేయాలని పరిగెత్తిన మనిషి, ఆ శనివారం నుంచి కాలాన్ని కాస్త ముందు నడవనిచ్చారు. ఇన్నేళ్ళూ మేమిద్దరం దాని వెనక నింపాదిగానే నడిచొచ్చాం, అయినా చేరవలసిన ఏ చోటికీ ఆలస్యం కాలేదు.