నాన్న నడకకు గాలి సాయం

ఆ రోజుల్లో నేను బందరులో చేపల ఈత మీద పనిచేసేదాన్ని. పొడవాటి గాజు తొట్టిలో నీళ్లు పారిస్తూ, ఎదురీదే చేప ఎంత ఆక్సిజన్ ఖర్చుపెడుతుందో కొలవడం నా ఉద్యోగం. చేప భలే పొదుపరి. ఒంటి పక్కల సన్నగా ఉండే ఎర్రకండతోనే రోజంతా ఈదేస్తుంది. ప్రాణభయంతో పారిపోవాల్సి వస్తేనే తెల్లకండ జోలికి వెళ్తుంది. నాలుగింటిని కలిపి వదిలితే వెనకున్నవి ముందున్నవాటి చాటున, తోక పెద్దగా ఆడించకుండానే సాగిపోయేవి. ఆ గడుసుతనానికి నవ్వుకునేదాన్ని.

శనివారం సాయంత్రం మా ఊరికి, నాగాయలంక బస్సెక్కేదాన్ని. నాన్న వయసంతా తెరచాప పడవ మీదే సముద్రంలో వేటాడాడు. గుండె జబ్బు చేసి పడవ మానేశాక ఆయనకు మిగిలింది ఆదివారం చర్చి ఒక్కటే. అదీ నడిచే వెళ్తానని పట్టు. ఆటో మాటెత్తితే చాలు, "నా కాళ్ల మీద నేను ఎళ్లలేని రోజు ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటా. ఇంక గడప దాటను" అనేవాడు. అన్నంత పనీ చేసే మనిషి. అదే నా భయం.

చర్చి మా ఇంటికి తూర్పున, సముద్రం వైపు ఉండేది. ఆరాధన పదింటికైతే తెల్లవారకుండానే బయల్దేరేవాడు. పొద్దున్నే సముద్రం వైపు వీచే నేలగాలి వీపున తగలాలి ఆయనకు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేదాకా చర్చి వరండాలో కూర్చుని, దాంతోపాటే ఇంటికొచ్చేవాడు. పాస్టరుగారు పాపం కుర్చీ వేయించేవారు. పడిపోతాడేమోనని నేను వెనకే అంటుకుని నడిస్తే కసిరేవాడు.

"గాలికడ్డంగా నడుస్తన్నావేంటే, పక్కకి తప్పుకో!"

నవ్వొచ్చేది, ఒళ్లూ మండేది. పడవనుకున్నాడా ఒంటిని?

ఒక ఎండాకాలం ఆదివారం సముద్రపు గాలి తిరగనే లేదు. సాయంత్రమైనా పడమటి గాలే మొహాన కొడుతోంది. నాన్న నాలుగడుగులు వేసి, రొప్పుతూ కరెంటు స్తంభం పట్టుకుని ఆగిపోయాడు. ఆయన కళ్లలో ఓటమి చూడలేకపోయాను. ఆటో అనడానికి నోరు రాలేదు. వెళ్లి ఆయన ముందు నిలబడి కొంగు రెండు చేతులా విప్పి పట్టుకున్నాను.

"ఏంటే అది?"

"గాలికి నేనడ్డం ఉంటాను. నా వెనకాలే రా నాన్నా."

తిడతాడనుకున్నాను. కాసేపు పడమరకేసి చూసి, "మరీ బిరబిరా నడవమాక" అన్నాడు.

వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చిన్నబుచ్చుకుంటాడు. ఆయన చెప్పుల చప్పుడు ఆగితే ఆగుతూ, కదిలితే కదులుతూ ఇల్లు చేరాం. ఆ తర్వాత గాలి ఎదురైన ప్రతిసారీ అలాగే నడిచాం. చివరిదాకా ఆయన తన కాళ్ల మీదే చర్చికి వెళ్లాడు.

ఇప్పుడు నాన్న లేడు. ఎదురుగాలిలో ఎక్కడ నడుస్తున్నా నా అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది. వెనక ఎవరూ లేరని తెలుసు. అయినా తొందరగా నడవడానికి మనసొప్పదు.