గెంజో గారి కొళాయిలు

నుమాతా గెంజో మా వీధికి చలికాలపు గురువు. ఎవరూ నియమించలేదు. చీకటి పడేవేళకి తనే వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"నీళ్లు దించారా?"

ఉత్తరాన మా హొక్కైడోలో చలికాలం పడుకోబోయే ముందు వాల్వు తిప్పి పైపుల్లో నీళ్లు భూమిలోకి వదిలేస్తాం. లేకపోతే గడ్డకట్టి పైపు పగులుతుంది. పిల్లలకీ తెలుసు. గెంజో మాత్రం తానే కనిపెట్టినట్టు చెప్పేవాడు.

అందులో సగమే అతనికి తెలుసు. వాల్వు తిప్పాక కొళాయిలు తెరిచి ఉంచాలి. గాలి లోపలికి పోతేనే నీళ్లు కిందికి దిగుతాయి. తెరిచిన కొళాయి చూస్తే గెంజోకి ఒళ్లు మంట. భార్య సుమియె తెరుచుకుంటూ వెళ్తే, వెనకాలే కట్టేసుకుంటూ వెళ్లేవాడు.

"బద్ధకస్తుల ఇల్లనుకున్నావా ఇది?"

ఇంట్లో పొయ్యి వెలుగుతున్నన్నాళ్లూ ఆ తప్పు బయటపడలేదు.

ఆ ఫిబ్రవరిలో ఇద్దరూ వేడినీటి బుగ్గలకి బయల్దేరారు. సుమియె కిమోనోలు కుట్టేది. కుట్టుగదికి సరిగ్గా పైన, మేడ మీద, ముఖం కడుక్కునే గది. కుట్టుగదిలో ఊళ్లోవాళ్ల పెళ్లిపట్టు. అది తడిస్తే ఆమెకి మళ్లీ ఎవరూ బట్ట ఇవ్వరు.

"కొళాయిలు తెరిచి ఉంచండి. పరాయివాళ్ల పట్టు."

"నాకు నేర్పుతావా? మీ దక్షిణం వాళ్లకి మంచు గురించి ఏం తెలుసు?"

ఒక్కొక్కటే బిగించి, తాళం వేశాడు.

తిరిగొచ్చి పొయ్యి వెలిగించాడు. నీళ్లు మళ్లీ రావడానికి వాల్వు తిప్పాడు. కాసేపటికి మేడ మీద పగిలిన పైపు నీళ్లకి కుట్టుగది కప్పు చీలింది. అరుపు విని పక్కింటి నుంచి నేనూ, ఎదురింటి నుంచి ఒకాదా పరుగెత్తాం. గెంజో తలమీది టోపీ తీయకుండానే, బేసిన్ పట్టుకుని ధార కింద నిలబడ్డాడు.

"దించాను! నా చేత్తో దించాను!" అని కప్పుకి చెబుతున్నాడు.

"మీరు దించారు గురువుగారూ, నీళ్లే దిగలేదు," అన్నాడు ఒకాదా, వాల్వు కట్టేస్తూ.

గెంజోకి అప్పుడు గుర్తొచ్చింది. "సుమియే! పెళ్లిపట్టు!"

"ఇక్కడ లేదండీ. బయల్దేరే ముందే పక్కింట్లో పెట్టాను."

"నాకు చెప్పకుండానా? ఎందుకు?"

"ఇంటికి నీళ్లు దించేది మీరు కదా, అందుకు."

ఆమె తుడిచే గుడ్డ కోసం వెళ్లింది. బేసిన్ నిండి అతని మేజోళ్ల మీదికి పొర్లుతోంది. అతను చూసుకోలేదు.

మర్నాడు మా గుమ్మంలోకి వచ్చాడు. నీళ్ల మాట ఎత్తలేదు.

"ఆ పట్టు మూటలు ఇలా ఇవ్వండి. తీసుకెళ్తాను."

"సుమియె గారిని రమ్మనండి," అని తలుపు వేశాను.